మోకాలి రిపోర్టులో రెండో పేజీ

నారాయణగూడలో మా ఆవిడ లెక్కలు చెప్పిన బడిలో తరగతి పెరిగేకొద్దీ మెట్లు కూడా పెరిగేవి. ఒకటి నుంచి నాలుగు దాకా కింద. అయిదు, ఆరు, ఏడు మొదటి అంతస్తు. ఎనిమిది, తొమ్మిది రెండో అంతస్తు. పదో తరగతి ఒక్కటే మూడో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు పక్కన. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పరీక్ష రాసే పిల్లలకు కింది ఆటల గోల వినపడకూడదని కొందరు, రోడ్డు మీది బస్సుల హారన్లు వినపడకూడదని కొందరు చెప్పేవారు. రెండూ పైదాకా బాగానే వినపడేవి. అసలు సంగతి హోదా. మూడో అంతస్తు టీచరంటే ఆ బడిలో ఒక మాట ఎక్కువ. మా ఆవిడ పదకొండేళ్ళు మూడో అంతస్తు టీచరు.

మెట్లు అరవై ఆరు. నేను లెక్కపెట్టలేదు. ఆమె లెక్కపెట్టి చెప్పింది, అదీ మోకాలు నొప్పి మొదలయ్యాక. అంతకుముందు పదేళ్ళూ అన్ని మెట్లున్నట్టు ఆమెకే తెలియదు.

తొంభైల నడుమ సంగతి ఇది. ఆమెకు నలభై అయిదు దగ్గర పడుతోంది. ఒక సాయంత్రం చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో నేల మీద పోసిన వంకాయల కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఏరుతూ, లేవబోయి లేవలేకపోయింది. కూరగాయలమ్మే ఆమె చెయ్యి అందించి లేపింది.

"ఏందమ్మా, గప్పుడే ముసలిదానివైతివా?" అందట.

"ముసలిదాన్ని కాదు, నీ వంకాయలే బరువు" అని ఈమె అందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వింది. కుడి మోకాలు లోపలి వైపు చేత్తో రుద్దుకుంటూనే నవ్వింది.

అశోక్‌నగర్‌లో మేం కిరాయికుండే ఇల్లు మేడ మీద. ఆ మెట్లకు ఒక పక్కే పిట్టగోడ. కొన్నాళ్ళకు ఆమె ఆ మెట్లు పక్కకు తిరిగి దిగడం మొదలుపెట్టింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి. నూనెలయ్యాయి, వేణ్ణీళ్ళ సంచి అయింది, ఎవరో చెప్పిన ఆకు పట్టు అయింది. నేను చూస్తూనే ఉన్నాను. పత్రికలో డెస్కు మీద పనిచేసేవాడికి ఎదుటివాడి బాధ రోజూ కట్టలు కట్టలుగా వస్తుంది. ఇంట్లోది అందులో కలిసిపోతుంది. ఇది సాకు కాదు, జరిగిన విషయం.

చిక్కడపల్లిలో ఒక ఎముకల డాక్టరుండేవారు. సాయంత్రాలు చూసేవారు. బల్లల మీద జనం, బయట అరుగు మీద జనం. ఆయన ఎక్స్‌రే తీయించి, వెలుతురు కేసి పట్టి చూసి, "పెద్దగ ఏం కనిపిస్తలేదమ్మా. జర అరుగుదల ఉన్నట్టుంది. ఈ వయసుకు ఉంటది" అన్నారు. మాత్రలు రాశారు.

ఆ ఎక్స్‌రే పట్టుకుని ఆమె హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది. పదో తరగతిని కిందికి తెమ్మని కాదు, కనీసం మొదటి అంతస్తుకు మార్చమని అడిగింది. హెడ్‌మిస్ట్రెస్ గుంటూరు వైపు ఆవిడ. ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మారలేదు. చెడ్డ మనిషి కాదు.

"మోకాళ్ళ నొప్పి ఎవరికి లేదండీ టీచర్ గారూ? నాకు లేదా? స్టాఫ్ రూములో చేతులెత్తమనండి, ఎన్ని చేతులు లేస్తాయో. అందరూ కిందే చెబుతామంటే పై అంతస్తు ఎవరికి కిరాయికివ్వను?"

"నాకు నిజంగనే ఎక్కరాకుండ అయితున్నది మేడం."

"కాదనను. ఫోటోలో ఏమీ లేదంటున్నారుగా మరి. మేనేజ్‌మెంటుకు ఏం చూపించను? అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక టైంటేబుల్ మళ్ళీ వేస్తాం. ఆలోపు గట్టి కాగితం ఏదైనా తెండి, చూద్దాం."

ఆ సంభాషణ జరిగిన గదికి తలుపు లేదు, తెరే. మధ్యాహ్నానికి స్టాఫ్ రూములో ఒకామె, ఈమె వింటుండగానే, "పైకి ఎక్కలేనామె మొన్న ఎండాకాలం సినిమాకు బాల్కనీకెట్ల ఎక్కిందట?" అంది. నిజమే, ఎక్కింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు నేనే తీసుకెళ్ళాను. విశ్రాంతిలో లేవకుండా కూర్చున్నచోటే కూర్చుంది. ఆ సంగతి ఎవరికి చెబుతుంది?

ఆ రోజు నుంచి నొప్పి ఒక్కటే కాదు ఆమె బాధ. తను అబద్ధం చెప్పడం లేదని ఎవరైనా ఒక్కరు అనాలి. అదే కావాలామెకు. కాలు తగ్గడం ఆ తర్వాతి మాట.

రెండోసారి డాక్టరు దగ్గర ఆమె ఆ విషయం దాచలేదు. "బడిల నన్ను నమ్ముతలేరు డాక్టర్ గారూ. నేను పని ఎగ్గొట్టేదాన్ని కాదు" అంది. ఆయన మళ్ళీ మోకాలు పట్టుకుని వంచి, చాచి, లోపలి వైపు ఎముక మీద బొటనవేలితో నొక్కారు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మీ ఫోటో, మీ నొప్పి కలుస్తలేవు" అన్నారాయన. "ఎక్స్‌రే అంటె గోడ నీడ అనుకోండ్రి. గోడ వంకర పోతె తెలుస్తది. గోడ లోపట చెమ్మ దిగితె తెల్వది. ఇప్పుడు ఎమ్మారై అని వచ్చింది గద, దాంట్ల బొక్క లోపట కూడ కనిపిస్తదంటున్నరు. మెదడుకు, వెన్నుపూసకు రాస్తనే ఉన్నం. మోకాలి అరుగుదలకు నేనింకా ఎక్కువ రాయలే. మేం కూడ కొత్తగ చదువుకుంటున్నం. చేయిస్తరా?"

చేయించాం. ఊళ్ళో ఆ యంత్రాలు అప్పటికి ఎక్కువ లేవు. పంజాగుట్ట వైపు ఒక సెంటర్లో రోజు ఇచ్చారు. ఆమె బడికి సెలవు పెట్టింది, నేను పగటి డ్యూటీకి పెట్టాను. ఒంటి మీద లోహమేదీ ఉండకూడదని లోపలి మనిషి చెప్పాడు. గాజులు, చెవులవి, గొలుసు అన్నీ తీసి నా చేతిరుమాల్లో పెట్టింది. మెట్టెలు రాలేదు. ఇరవై ఏళ్ళ కింద తొడిగినవి. ఆయా ఒకామె సబ్బు నీళ్ళు తెచ్చి, "మీ ఆయన ఎంత గట్టిగ తొడిగిండమ్మా" అని నవ్వుతూ తిప్పి తిప్పి లాగింది. లోపలికి వెళ్ళాక ఆ మనిషి మళ్ళీ బయటికొచ్చాడు.

"సార్, అమ్మ దగ్గర ఇంకా పిన్నీసులున్నయి. తీసిన కొద్ది వస్తున్నయి."

చీరె కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, భుజం మీద రెండు, జాకెట్టు లోపల అత్యవసరానికి మూడు. టీచరు కదా. ఎవరి చెప్పు తెగినా, ఏ పిల్ల లంగా ఊడినా మా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. పిన్నీసులన్నీ నా జేబులో పోసుకుని బల్ల మీద కూర్చున్నాను. గోడవతల యంత్రం చప్పుడు మొదలైంది.

ముప్పావు గంట తర్వాత బయటికొచ్చి, "ఎవరో రేకుల షెడ్డు కడుతున్నరు లోపట. నేను మేకుల దెబ్బలు లెక్కపెట్టిన, నడుమల తప్పిన" అంది. అలిసిపోయి ఉంది కాని ముఖం తేటగా ఉంది. ఆటోలో వస్తూ, "ఇన్ని దెబ్బలు కొట్టినంక ఏదో ఒకటి దొరుకుతది గద" అంది. ఏదో ఒకటి దొరకాలని మనిషి కోరుకోవడం నాకప్పుడు విడ్డూరంగా అనిపించింది.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. ఆఫీసుకు వెళ్ళే దారిలో తీసుకున్నాను. పెద్ద కవరులో నల్లటి ఫిల్ములు, వాటితో పాటు ఇంగ్లీషులో టైపు చేసిన రెండు కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. నా కుర్చీలో కూర్చుని చదివాను.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. జిల్లాల నుంచి వచ్చే వార్తలు దిద్దేవాణ్ణి. వార్తలో ముఖ్యమైంది మొదటి పేరాలో ఉంటుంది, ఉండాలి. ఆ తర్వాత అంతకంటే తక్కువది, ఆ తర్వాత ఇంకా తక్కువది. పేజీలో జాగా చాలకపోతే కింది నుంచి కోసుకుంటూ రావడమే, చదవక్కర్లేదు కూడా. చివరి పేరాలో 'ఈ కార్యక్రమంలో ఫలానావారు పాల్గొన్నారు' అని తప్ప ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ళు అలా చేశాక కన్ను కాగితం పై సగంలోనే ఆగడం నేర్చుకుంటుంది.

మొదటి కాగితం నిండా నరాలు, ఎముకల్ని పట్టి ఉంచే కట్లు, మోకాలి గిన్నె, మధ్యలో ఉండే మెత్తటి పొరలు. ఒక్కో పేరు, దాని పక్కన బాగుంది, చిరుగు లేదు, మామూలుగా ఉంది. అదే మాట నాలుగైదు సార్లు వచ్చింది. రెండో కాగితం తిప్పాను, తిప్పలేదని చెప్పను. పైన ఒక వరుస మీద చూపు పడింది. కింద సంతకం చూశాను. మూసేశాను.

వెంటనే బడికి ఫోన్ చేశాను. హెడ్‌మిస్ట్రెస్ ఎత్తారు.

"టీచర్ గారు పైన క్లాసులో ఉన్నారండీ. పిలిపించమంటారా?"

అరవై ఆరు మెట్లు దిగి రావాలి, మళ్ళీ ఎక్కాలి. నా బుర్రకు ఆ క్షణంలో అదొక్కటే తట్టింది, అది కూడా ప్రేమే అనుకున్నాను. "వద్దండీ, పిలవకండి. స్కానింగు రిపోర్టు వచ్చింది, అంతా నార్మల్‌గానే ఉందని చెప్పండి, చాలు" అన్నాను.

"అలాగాండీ! చాలా సంతోషం. తప్పకుండా చెబుతాను" అన్నారావిడ. ఆవిడ గొంతులో నిజంగానే సంతోషం ఉంది. పెట్టేశాను. ఏదో జిల్లాలో ఆగిన చెరువు పనుల వార్త అందుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి సంచి గోడకు తగిలించి, కాళ్ళు కడుక్కుని వచ్చింది. తర్వాత, "స్టాఫ్ రూముల అందరి ముందట చెప్పిన్రు మేడం. 'అదృష్టవంతులండీ, ఏమీ లేదట' అని. అందరు చప్పట్లొక్కటే కొట్టలే" అంది.

"మంచిదే కదా."

"నిజంగ ఏం లేదా?"

"లేదు. నరాలు, పొరలు అన్నీ బాగున్నాయని రాశారు."

"మరి ఎందుకు నొస్తున్నది?"

నేను అప్పుడన్న మాట ఈరోజుకూ నాకు గుర్తుంది. "వయసు. కొంచెం బరువు. కొంచెం మనసు కూడా" అన్నాను.

ఆమె నాకు కోపం వచ్చేలా ఏదైనా అని ఉంటే బాగుండేది. "డాక్టరుకు ఒకసారి చూపిద్దాం" అంటే, "ఏం లేనిదానికి ఆయన ముందట కూసొని ఏం చెప్పాలె?" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. కవరు బీరువా మీదికి చేరింది. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాయి. టైంటేబుల్ మళ్ళీ వేసే ముందు ఆమే వెళ్ళి, తన అర్జీ సంగతి మరిచిపొమ్మని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పిందట. అదీ నాకు తర్వాతే తెలిసింది.

ఆ తర్వాత నొప్పి గురించి ఇంట్లో మాట ఆగిపోయింది. తగ్గిందేమో అనుకున్నాను. బట్టలు నిలబడి ఉతుకుతోంది, కూరగాయలు నేల మీద కాకుండా బల్ల మీద తరుగుతోంది. అంతా సర్దుకుంటోంది అనుకున్నాను. బడికి మాత్రం అరగంట ముందు వెళ్ళేది. పరీక్షల ఏడాది కదా, పని ఎక్కువ అనుకున్నాను. ఒకరోజు ఆమె టిఫిను డబ్బా మరిచిపోతే నేను అటు వెళుతూ ఇవ్వడానికి ఆగాను. గేటు దగ్గర బడి ఆయా తీసుకుంది.

"అమ్మ పైనున్నది సారూ. మీరు జర చెప్పుండ్రి. పొద్దుగాల ఎవ్వరు రాకముందే వస్తది. గోడకు చెయ్యి పెట్టుకొని మెట్టు మెట్టుకు ఆగి ఎక్కుతది. గోడ సున్నమంత చీరెకే. నేను చూస్తె, ఏదో పడ్డది ఎతుకుతున్న అంటది."

డబ్బా ఇచ్చి వచ్చేశాను. సాయంత్రం అడగాలనుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. రిపోర్టులో ఏమీ లేదని చెప్పినవాణ్ణి నేనే.

నెల దాటి ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున కింద ఉండే ఇంటి ఓనరమ్మ పైకొచ్చింది. ఆవిడది చిక్కడపల్లిలో తరాలుగా ఉన్న కుటుంబం. ఆవిడకూ మోకాళ్ళ నొప్పులు, కొడుకు స్కానింగు చేయిస్తానంటున్నాడు, అదెలా ఉంటుందో చూపించమంది. మా ఆవిడ కుర్చీ ఎక్కలేక నన్ను పిలిచి బీరువా మీది కవరు తీయించుకుంది. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. నేను ముందు గదిలో మిగతా పత్రికలు తిరగేస్తున్నాను. ఆమె ఒక్కో వరుసా ఇంగ్లీషు చదివి, తెలుగులో చెబుతోంది, పిల్లలకు పాఠం చెప్పినట్టు.

"ఇది ముంగటి కట్టు, మంచిగున్నది. ఇది ఎనుక కట్టు, మంచిగున్నది. ఇది నడుమ పొర, చిరగలేదు."

"అన్ని మంచిగున్నయి గద బిడ్డా. ఇంకేం బాధ?"

కాగితం తిప్పిన చప్పుడైంది. చదువుతున్న గొంతు మెల్లగా అయింది, తర్వాత ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి పైకి కాదు. తర్వాత లేచి గదిలోకి వచ్చింది. ఓనరమ్మ వెనకాలే వచ్చింది.

"మారో అంటె మూలుగ కద?"

"అవును."

"ఎడీమా అంటె?"

చేతిలోని పత్రిక పక్కన పెట్టాను. "వాపు" అన్నాను.

"మోకాలి కింది బొక్కల, లోపలి దిక్కు, మూలుగల వాపు. గుజ్జు పల్చబడ్డది. బొక్కకు చిన్న గుంత. అంచులకు ముండ్లు మొలుస్తున్నయి. ఇది రెండో కాగితం. కింద గీత గీసి, మొత్తం మీద తేలిందేమంటె అని మల్ల అదే రాసిన్రు."

నేను కాగితం తీసుకున్నాను. ఉంది. అంతా ఉంది. సంతకానికి పైనే ఉంది.

"లెక్కల జవాబు కిందనే ఉంటది గద" అంది ఆమె. కోపం లేదు గొంతులో, అదే కష్టంగా ఉంది. "మీరు సగం లెక్క చూసి మార్కులేసిండ్రు."

ఓనరమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసి, "మరి ఏం లేదంటిరి గద అయ్యా? పిల్ల రోజు కుంటుకుంటనే పోతున్నది. మా ఇంట్లందరం చూస్తనే ఉన్నం" అంది. ఇంటి ఓనరు కుటుంబమంతా చూసింది. నేనే చూడలేదు.

సోమవారం సాయంత్రం డాక్టరు ఫిల్ములు వెలుగు పెట్టె మీద తగిలించారు. ఎముక బూడిద రంగులో ఉంది. కుడి మోకాలు లోపలి వైపు, కీలుకు కిందుగా, నీళ్ళు పీల్చిన అద్దుడు కాగితంలా ఒక తెల్లటి మరక.

"ఇగో, ఇది" అన్నారాయన వేలు పెట్టి. "ఇక్కడ రెండు బొక్కల నడుమ గుజ్జు పల్చబడ్డది. బరువంత దాని కింది బొక్క మీద పడుతున్నది. మోసి మోసి లోపట కమిలింది. బయటి గీత మంచిగనే ఉన్నది చూడుండ్రి, అందుకే ఎక్స్‌రేల దొరకలే. బొక్క అంటె రాయి కాదమ్మా, పాణమున్నది. దెబ్బ తింటది, వాస్తది." తర్వాత తేదీ చూశారు. "ఇదొచ్చి నెల దాటింది. ఎందుకు రాలేదు?"

"మా ఆయన చదివిండు. ఏం లేదన్నడు" అంది మా ఆవిడ. డాక్టరు దగ్గర ఏదీ దాచే మనిషి కాదు.

డాక్టరు నా వైపు తిరిగారు. నేనేం పని చేస్తానో ఆయనకు తెలుసు. "పేపరాయనవు, ఊరందరి రిపోర్టులు దిద్దుతవు. ఇంటామె రిపోర్టు హెడ్డింగు చూసి వదిలిపెట్టినవా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. బల్ల మీద వాళ్ళు కూడా నవ్వారు.

"ఈ నెలంతా మెట్లెక్కినందువల్ల పెరిగిందంటారా?" అని అడిగాను.

"ఇంకో ఫోటో తీస్తెగాని చెప్పలేను. తీసినా చెప్పగలనో లేదో. అంత అనుభవం ఎవరికున్నది ఇంకా? ఫోటో మందు కాదు. ఎక్కడ బరువు తగ్గించాల్నో చెప్తది, అంతే. మెట్లు తగ్గించుండ్రి. కింద కూసోవద్దు. తొడకు కసరత్తు చెప్త."

ఇన్ని మాటలూ విని ఆమె ఒక్కటే అడిగింది.

"అంటె, నాకు నిజంగ నొస్తున్నట్టేనా డాక్టర్ గారూ?"

ఆయన కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "నొస్తున్నదో లేదో నేను చెప్పాల్నా అమ్మా?" అన్నారు.

ఆమె వెలుగు పెట్టె మీది తెల్లటి మరకనే చూస్తూ ఉండిపోయింది, ఆయన దీపం ఆపేసేదాకా.

మర్నాడు కవరు తీసుకుని ఆమె హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళితే ఆవిడ ఫిల్ములు బయటికి తీయనేలేదట. "మీవారే ఫోన్లో చెప్పారు కదమ్మా నార్మలని. పత్రికలో పనిచేసే మనిషి, తెలియకుండా చెబుతారా?" అందట. ఖరీదైన యంత్రంలో ముప్పావు గంట పడుకుని తెచ్చుకున్న రెండు పేజీల కంటే నేను అర నిమిషంలో అన్న మాటే బరువు తూగింది. కాబట్టి నేనే వెళ్ళాలి. వెళ్ళాను.

ఆవిడ కుర్చీ చూపించి టీ తెప్పించారు. నేను తప్పు చదివానని, మొదటి పేజీ చూసి వదిలేశానని చెప్పాను. ఆవిడ చాలాసేపు నా ముఖమే చూశారు. నమ్మడమా మానడమా అని ఆలోచిస్తున్నట్టుంది. నెల్లాళ్ళుగా మా ఆవిడకు రోజూ ఎదురైన చూపు ఇదే అయి ఉంటుంది.

"ఇద్దరిలో ఎవరి మాట రాసుకోను చెప్పండి? ఆ రోజు మీరా, ఈ రోజు మీరా?" అన్నారు. "నాకు అర్థమైందండీ, మేనేజ్‌మెంటు పెద్దాయనకు అర్థం కావాలిగా. ఆయన ఇంగ్లీషు చదవరు. ఆ రిపోర్టులో ఏముందో, ముందు చెప్పింది ఎందుకు తప్పో తెలుగులో ఒక పేజీ రాసి సంతకం పెట్టివ్వండి."

ఆ సాయంత్రం ఇంట్లో బల్ల ముందు కూర్చుని రాశాను. రోజుకు ఎన్నో కాలమ్‌లు దిద్దేవాణ్ణి, ఆ ఒక్క పేజీకి రెండు గంటలు పట్టింది. ఎముకలో వాపు సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. నా పొరపాటు రెండో వాక్యం. తర్వాత, ఆమె ఎంతో వేదన పడుతోందనీ, ఈ బాధను ఏ మాత్రం భరించలేకపోతోందనీ, దయతో ఆలోచించమనీ నాలుగు వాక్యాలు రాశాను. ఆమెకు చదవమని ఇచ్చాను. ఎర్ర సిరా కలం తీసుకుని కూర్చుంది, పేపర్లు దిద్దే కలం.

ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసింది.

"ఇదెందుకు రాసిండ్రు, భరించలేకపోతున్నదని? భరిస్తనే ఉన్న గద ఏడాది సంది. దయ గియ నాకెందుకు? ఉన్నదని రాయుండ్రి. ఉన్నది అని, చాలు."

మళ్ళీ సాపు రాసిచ్చాను. సగం పేజీ కూడా రాలేదు.

పెద్దాయన నుంచి జవాబు వారంలో వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూములోనే, అందరి ముందే, టీచర్ గారి మోకాలి ఎముకలో వాపు ఉందని స్కానింగులో తేలిందనీ, ముందు తెలిసింది పొరపాటనీ చెప్పారట. అంతవరకు ఆవిడ నిజాయితీగానే ఉన్నారు. బాల్కనీ మాటన్న టీచరు మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చుని, "అక్కా, నాది గూడ ఒకసారి చేయించుకుంటె మంచిదంటవా?" అని అడిగిందట. మా ఆవిడ డాక్టరు పేరు, ఆయన చూసే వేళలు రాసిచ్చింది.

కాని పదో తరగతి కిందికి రాలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చిన పిల్లల్ని గది మార్చడం కుదరదన్నారు. కింద ఖాళీ గది లేదు. చిన్నపిల్లల్ని మూడో అంతస్తుకు పంపలేరు, అక్కడి పిట్టగోడ వాళ్ళ ఛాతీ దాకా కూడా రాదు. ఇవన్నీ నిజాలే. మిగిలిన దారి ఒకటే: పదో తరగతి లెక్కలు కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చి, ఈమె కింద నాలుగో తరగతి తీసుకోవడం. లేదంటే పరీక్షలయ్యేదాకా మరి కొన్ని నెలలు ఎక్కడం. రెండింట్లో ఏదో ఆమెనే చెప్పమన్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి చెప్పింది. ఏది తీసుకోమని చెప్పే హక్కు నాకుందనిపించలేదు. నాలుగో తరగతి తీసుకుంటున్నానని పొద్దున తనే చెప్పింది. "పిల్లలకు నెలల తరబడి సగం ధ్యాసతోటి చెప్పేకంటె మంచిది" అంది. బడి పిల్లలు అడిగితే మాత్రం ఇంకో కారణమేదో చెప్పిందని విన్నాను. కొత్త టీచరు తెలివైన అమ్మాయి. సందేహాలుంటే అడగడానికి అశోక్‌నగర్ ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడు మా ఆవిడ ముఖం వెలిగేది. ఆ పిల్ల వెళ్ళిపోయాక చాలాసేపు వరండాలోనే కూర్చుండిపోయేది.

నొప్పి తగ్గిందా అంటే, వెంటనే తగ్గలేదు. కొన్ని రోజులు తక్కువగా, కొన్ని రోజులు ఎప్పటిలాగే. కింది తరగతి మొదలుపెట్టిన మొదటి వారం, శనివారం అనుకుంటాను, బడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద చాపుకుంది. నేను ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్నాను.

"ఎట్లున్నది కింద?" అని అడిగాను.

"కొత్తేముంది? ఎక్కాలు చెప్పిస్తున్న. పదమూడో ఎక్కం కాడ అందరు ఆగుతున్నరు."

కాసేపటికి, నేనేమీ అడగకుండానే, "ఇయ్యాల బాగ నొస్తున్నది" అంది.

రెండు నెలలైంది ఆ మాట మా ఇంట్లో వినపడి. చదువుతున్నది మూసి, "ఎక్కడ?" అని అడిగాను. ఎక్కడ అని నేనెప్పుడూ అడగలేదని అడిగాక తెలిసింది.

ఆమె నా ముఖం చూసింది, ఒక్క క్షణమే. తర్వాత చీరె అంచు కొంచెం పైకి జరిపి, మోకాలు లోపలి వైపు, కీలుకు కిందుగా వేలు పెట్టింది.

"ఇక్కడ. పొద్దున లేవంగ ఉండదు. రెండో పీరియడ్ దాక మంచిగనే ఉంటది. బోర్డు మీద రాసేటప్పుడు సూది గుచ్చినట్టు మొదలైతది, మల్ల ఆగుతది. బస్సు దిగేటప్పుడైతె వద్దే వద్దు. ఇప్పుడైతె నొప్పి కాదు, ఒక తీరు మంట. ఈ గిన్నె మీద కాదు, జర లోపటికి, ఆ ఇక్కడనే..."